సరళరేఖగారి గంటా ఆరు నిమిషాలు

“ఏడువందల నలభై మూడు కిలోమీటర్లు, ప్రయాణం గంటా ఆరు నిమిషాలు అని రాసిన మహానుభావుడు ఎవరండీ?”

బయట వాన దంచి కొడుతోంది. మా ఆఫీసు గుమ్మంలో నిలబడి ఒక అమ్మాయి అడిగిన మాట అది. గొడుగు ఇంకా మూయలేదు. దాని అంచుల నుంచి నీళ్ళు, మా మేనేజర్ ముచ్చటపడి వేయించిన కొత్త తివాచీ మీద ధారగా పడుతున్నాయి. మెడలో ఎయిర్‌పోర్టు గుర్తింపు కార్డు ఉంది. ముఖంలో మాత్రం తగువుకొచ్చిన పక్కింటావిడ కళ ఉంది.

ఆపదలో తోటివాళ్ళు ఎలా ఆదుకుంటారో ఆ రోజు తెలిసింది నాకు. టిక్కెట్లు అమ్మే నలుగురూ, హోటల్ గదులు చూసే ఇద్దరూ, ఆఖరికి మా మేనేజరూ ఒక్కసారిగా తలలు తిప్పి, జిరాక్స్ మెషిన్ పక్కన కూర్చున్న నా వైపు చూశారు. ఒక్కళ్ళయినా ‘ఆయన ఇవాళ రాలేదండీ’ అని ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేది?

“నేనేనండీ,” అన్నాను లేచి.

“ఆ లెక్క ఎలా వేశారు?”

నా ఉద్యోగం గురించి ఇక్కడ కాస్త చెప్పాలి. మాది ట్రావెల్ కంపెనీ. ఫలానా ఎయిర్‌పోర్టు నుంచి ఫలానా ఎయిర్‌పోర్టుకి ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది అని జనం ఫోన్లో వెతుకుతారు కదా, ఆ జవాబు పేజీలు రాసేది నేను. అప్పటికి మూడువేల పైచిలుకు రాశాను. ఆఫీసులో అందరూ నన్ను ‘కిలోమీటర్’ అంటారు. అంత రాసినవాణ్ణి పుట్టి బుద్ధెరిగాక విమానం ఎక్కింది రెండేసార్లు. అందులో ఒకసారి మొత్తం నిద్రపోయాను.

“మ్యాప్ మీద రెండు ఎయిర్‌పోర్టుల మధ్య గీత గీస్తానండీ. ఎన్ని కిలోమీటర్లో తెలుస్తుంది. గంటకి ఎనిమిదివందలు పోతుందనుకుని భాగిస్తాను. ఎక్కడానికీ దిగడానికీ కలిపి ఓ పది నిమిషాలు వేస్తాను.”

“గీత అంటే... తిన్నగానా?”

“తిన్నగానే. ఆకాశంలో అడ్డమేముంటుందండీ?”

టిక్కెట్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. గొడుగు మూసి, నా ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నేను ఫ్లైట్ డిస్పాచర్ని. విమానం ఏ దారిన పోవాలి, ఎంత ఎత్తున పోవాలి, ఎంత ఇంధనం పోసుకోవాలి అని లెక్క వేసి పైలట్ చేతికి ఇచ్చేది మేమే. ఐదేళ్ళుగా అదే పని. మీ పేజీ పుణ్యమా అని నిన్న మా నాన్న నా పరువు తీశారు.”

జరిగింది ఇదీ. వాళ్ళ నాన్నగారు ముప్పై ఒక్కేళ్ళు రైలు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. సముద్రం ఒడ్డున ఉన్న ఊరి నుంచి స్నేహితుడు వస్తుంటే, తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకి వెళ్ళారు. విమానం అక్కడ ఎప్పుడు బయలుదేరిందో కనుక్కుని, దానికి నా గంటా ఆరు నిమిషాలూ కలుపుకుని, చేతి గడియారం చూస్తూ నిలబడ్డారు.

“బోర్డు మీద టైము వేసి ఉంటుంది కదండీ?” అన్నాను.

“ఉంది. ‘అది వీళ్ళ బద్ధకం కూడా కలిపి వేసిన టైము’ అన్నారు. గంటా ఆరు నిమిషాలు దాటగానే కౌంటర్ దగ్గరికెళ్ళి, ‘మీ డ్రైవర్ మధ్యలో దిగి టీ తాగుతున్నాడా?’ అని అరిచారు. అది మా కంపెనీ కౌంటరే. అక్కడున్న వాళ్ళంతా నాకు తెలిసినవాళ్ళే.”

“మీరు నచ్చజెప్పాల్సింది.”

“చెప్పకుండా ఉంటానా? ‘నీకేం తెలుసమ్మా, ఇక్కడ రాసుంది చూడు’ అని ఫోన్ చూపించారు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆ కుందేల్ని ఆయనకి పట్టిచ్చింది మీరు.”

క్షమించమని ఒక్క మాట అంటే అక్కడితో పోయేది. కానీ అందరూ చూస్తున్నారాయె, నాకూ కాస్త రోషం వచ్చింది. “మూడువేల పేజీలు రాశానండీ, ఇప్పటిదాకా ఒక్కరూ తప్పన్లేదు,” అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత, ఆశ్చర్యం, చిన్నగా నవ్వింది. ఆ నవ్వు కోసం తివాచీ ఏం ఖర్మ, ఆఫీసంతా తడిసిపోయినా ఫర్వాలేదనిపించింది.

“రేపు మధ్యాహ్నం రెండింటికి ఖాళీయేనా, సరళరేఖగారూ?”

* * *

ఖాళీ చేసుకున్నాను. నాకు పంటి నొప్పి అని మేనేజర్‌తో చెప్పాను.

ఎయిర్‌పోర్టు వెనక వైపు, సామాన్లు తిరిగే బెల్టుల పైన, కిటికీలు లేని ఒక గది. అందులో ఆరు బల్లలు, ఒక్కో బల్ల మీద నాలుగేసి తెరలు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. బయట అంత హడావిడి పడే విమానాల వెనక ఇంత నెమ్మదైన గది ఉంటుందని నేననుకోలేదు.

ఆమె నాకో స్టూలు చూపించి, తెర మీద నా ఏడువందల నలభై మూడు కిలోమీటర్ల గీత గీసింది. దాని పక్కనే ఇంకో గీత వచ్చింది. అది వంకర టింకరగా ఉంది.

“ఇదీ అసలు దారి. ఇక్కడ కొండలు. ఇక్కడ వైమానిక దళం వాళ్ళ స్థలం, మనల్ని రానివ్వరు. ఇక్కడ ఇంకో నాలుగు ఊళ్ళ విమానాలు కలుస్తాయి, వరసలో పోవాలి. సముద్రం దగ్గరికొచ్చాక గాలి ఎటుంటే దానికి ఎదురుగా తిరిగి దిగాలి. మొత్తం ఎంతయింది చూడండి.”

ఎనిమిదివందల అరవై ఒకటి.

“గాల్లో గంటా ఇరవై. తలుపు మూసిన దగ్గర్నుంచి మళ్ళీ తెరిచేదాకా గంటా నలభై ఐదు. వచ్చేటప్పుడు ఎదురుగాలి, ఇంకో పది నిమిషాలు వేసుకోండి.”

“అంటే పోయే దూరం, వచ్చే దూరం ఒకటే అయినా టైము ఒకటి కాదన్నమాట.”

“పర్లేదే, త్వరగానే ఎక్కుతోంది బుర్రకి.”

అంతలో ఫోన్ మోగింది. సాయంత్రం విమానం నడపబోయే కెప్టెన్. గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది. ఇంత ఇంధనం ఎందుకు పెట్టావు, బరువు పెరుగుతుంది, వాతావరణం రిపోర్టులో వాన లేదు కదా అని విసుక్కుంటున్నాడు.

“నిజమే కెప్టెన్‌గారూ, రిపోర్టులో లేదు,” అంది ఆమె. గొంతు ఏమాత్రం పెంచలేదు. “కానీ తీరం దగ్గర మబ్బు మధ్యాహ్నం నుంచి దక్షిణానికి జరుగుతోంది. పోయిన నెల మూడుసార్లు ఇలాగే జరిగి, సరిగ్గా మీరు దిగే వేళకి కురిసింది. ఇంకో పాతిక నిమిషాలు పైన తిరిగేంత పెట్టాను. వద్దంటే తీసేస్తాను. కానీ నేనైతే పెట్టుకుంటాను.”

“సరేనమ్మా, నీ మాటే కానీ,” అన్నాడాయన.

ఆమె ఫోన్ పెట్టేసి, ఏమీ జరగనట్టు మళ్ళీ తెర వైపు తిరిగింది. నాకు మాత్రం చెవుల్లో ఆ గొంతే వినిపిస్తోంది. నేను మా మేనేజర్‌ని సెలవడగడానికి కూడా నాలుగుసార్లు అద్దం ముందు రిహార్సల్ వేసుకునే రకం.

“ఒకవేళ వాన రాకపోతే?” అన్నాను.

“రాకపోతే అనవసరంగా బరువు మోయించానని నాలుగు మాటలంటారు. పడతాను.”

“వస్తే?”

“వస్తే ఎవరూ ఏమీ అనరు. దిగి ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోతారు.”

ఆ మాట ఆమె బాధపడుతూ అనలేదు, గొప్పకీ అనలేదు. మనుషులు క్షేమంగా ఇంటికి వెళ్ళిపోవడం, తన పేరు ఎవరికీ తెలియకపోవడం, ఈ రెండూ కలిస్తేనే తన పని సరిగ్గా జరిగినట్టు ఆమె లెక్క. ప్రేమ ఎప్పుడు పుట్టిందని తర్వాత మా అక్క అడిగింది. ఆ స్టూలు మీదే పుట్టింది.

* * *

అదే రోజు ఆ పేజీ దిద్దాను. మిగతా మూడువేల పేజీలు? అవీ దిద్దాలి కదా. దిద్దాలంటే ఆమెని అడగాలి కదా. దేవుడు ఒక తప్పు చేయించి మూడువేల సాకులు చేతిలో పెట్టాడు.

వారానికి రెండు రోజులు, ఆమె డ్యూటీ దిగాక, ఎయిర్‌పోర్టు స్టాఫ్ క్యాంటీన్లో కూర్చునేవాళ్ళం. నేను కాగితాలు తీసుకెళ్ళేవాణ్ణి. ఆమె పెన్ను తీసుకుని టీచర్‌లా దిద్దేది.

“ఇదేంటి, ఈ ఊరి నుంచి ఆ ఊరికి నలభై నిమిషాలా? సరళరేఖగారూ, మధ్యలో పర్వతం ఉంది. దాని మీదుగానా, దాంట్లోంచా?”

“దాంట్లోంచి పోతే దగ్గర కదండీ.”

“మీతో ఎవరైనా విమానం ఎక్కితే అంతే సంగతులు.”

నా పేజీ మారిందని వాళ్ళ నాన్నగారికి కోపం వచ్చిందట. మార్చినవాణ్ణి ఒకసారి చూడాలన్నారట. ఒక ఆదివారం వెళ్ళాను. చిన్న ఇల్లు, ఉండేది తండ్రీ కూతుళ్ళే. ఆయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, “గంటా ఆరు నిమిషాలని ముందు రాశావు, తర్వాత గంటా నలభై ఐదన్నావు. రేపు ఇంకేమంటావు?” అన్నారు.

“తప్పు తెలిసింది, దిద్దుకున్నానండీ.”

“ఎవరు చెప్పారు తప్పని?”

“మీ అమ్మాయిగారే.”

“నేను చెప్తే వినదు. అది చెప్తే నేను వినను. మా ఇద్దరి మధ్య నువ్వొకడివి విన్నావు,” అని ఆయన పెద్దగా నవ్వారు. ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా రైలు కబుర్లే. పొగమంచులో బండి ఎలా నడపాలో నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

ఇన్ని జరిగినా ఆమెతో అసలు మాట మాత్రం అనలేకపోయాను. ప్రతిసారీ కాగితాలైపోయేవి, టీ అయిపోయేది, నా ధైర్యం అంతకుముందే అయిపోయేది.

అలా ఐదు నెలలు గడిచాక ఒక రోజు క్యాంటీన్లో ఆమె పెన్ను తీయలేదు.

“నాకు బదిలీ అయింది,” అంది. “సముద్రం ఒడ్డున కొత్తగా ఒక గది తెరుస్తున్నారు. అక్కడికి వెళ్ళే విమానాలూ, అక్కణ్ణుంచి వచ్చేవీ, అన్నిటి ప్లాన్లూ ఇకమీదట అక్కడే వేస్తారు. ఆ గదికి నన్ను పెద్దని చేశారు. మూడు నెలలు చూడమన్నారు. తర్వాత అక్కడే ఉండిపోతానని సంతకం పెట్టాలి, లేదంటే వెనక్కి రావాలి.”

అని నా ముఖంలోకి చూసింది.

నాకు గుండె జారిపోయింది. జారిపోయినట్టు కనబడకూడదు, ఇంత మంచి అవకాశానికి నా ఏడుపు ముఖం అడ్డం పెట్టకూడదు అనుకున్నాను. ఆమెకి సంతోషం కలిగేది ఏదైనా చెప్పాలని తెగ ఆలోచించి, ఆమె నేర్పిన అంకెనే చెప్పాను.

“ఎనిమిదివందల అరవై ఒక్క కిలోమీటర్లు. గంటా నలభై ఐదు నిమిషాలు. పెద్ద దూరమేం కాదు లెండి!”

తప్పు లేకుండా చెప్పానని లోపల గర్వం కూడా. ఆమె మెచ్చుకుంటుందని చూస్తున్నాను.

“అవును,” అంది ఆమె నెమ్మదిగా. “పెద్ద దూరమేం కాదు.” టీ సగం వదిలేసి లేచి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి అక్కకి చెప్తే, అక్క తలుపుకి చేరబడి నన్నే చూస్తూ ఉండిపోయింది.

“ఒరేయ్, ఆ పిల్ల నిన్ను దూరం ఎంతని అడిగిందా?”

“లేదు.”

“మరి?”

“బదిలీ అయిందంది.”

“అది కూడా తనకి తెలియక నీకు చెప్పిందా? వెళ్ళొద్దంటావో, వెళ్ళిరా అంటావో, నీతో వస్తానంటావో, ఏదో ఒకటి అంటావని చెప్పింది. నువ్వు కిలోమీటర్లు అప్పజెప్పొచ్చావు. నిన్ను కన్నందుకు అమ్మకి దండం పెట్టాలి.”

వెంటనే ఫోన్ చేశాను. ‘డ్యూటీలో ఉన్నానండీ’ అంది. మర్నాడు చేశాను. ‘సామాన్లు సర్దుకుంటున్నానండీ’ అంది. తర్వాత వెళ్ళిపోయింది. అక్కణ్ణుంచి కూడా ‘బావున్నానండీ, మీరెలా ఉన్నారు’ అనే రెండు ముక్కలే. పేజీలు దిద్దమని పంపితే దిద్ది పంపేది. ఒక్క వెక్కిరింపు కూడా ఉండేది కాదు. ఆమె వెక్కిరించకపోతే ప్రాణం ఇంత ఉసూరుమంటుందని నాకు ముందెవరూ చెప్పలేదు.

* * *

మూడు నెలలు కావస్తుండగా ఒక గురువారం, వాళ్ళ నాన్నగారు మా ఆఫీసుకే ఫోన్ చేశారు.

“సోమవారం మా అమ్మాయి సంతకం పెడుతోంది, అక్కడే ఉండిపోతానని. అది పెట్టగానే నేను కూడా పెట్టె సర్దుకుని రైలెక్కేస్తాను. ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పేశాను.”

“సంతోషమండీ,” అన్నాను.

“ఏడ్చినట్టుంది నీ సంతోషం. రోజూ రాత్రి ఫోన్లో అన్నీ చెప్పి, ఆఖర్న నువ్వేమైనా కనబడ్డావా అని అడుగుతుంది. ఎందుకడుగుతోందో నాకు చెప్పదు. నీకు చెప్పిందా?”

“లేదండీ.”

“నువ్వు దానికేమైనా చెప్పావా?”

“...లేదండీ.”

“ముప్పై ఒక్కేళ్ళలో నేనెప్పుడూ స్టేషన్ దాటిపోయాక బ్రేకు వేయలేదయ్యా. ఆలస్యం అమృతం విషం అన్నారు. ఇక నీ ఇష్టం.” ఫోన్ పెట్టేశారు.

ఆ సాయంత్రమే మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. సముద్రం ఒడ్డున మాకు రెండు గదుల బ్రాంచి ఉంది, నన్నక్కడికి పంపమని అడిగాను. అద్దం ముందు రిహార్సల్ లేకుండానే అడిగాను. ఆయన కుదరదన్నారు. మళ్ళీ సోమవారం అడుగుతానని చెప్పి, శనివారం ఉదయం పదకొండింటి విమానానికి టిక్కెట్ తీసుకున్నాను. ఆమెకి చెప్పలేదు. చెప్తే ‘డ్యూటీలో ఉన్నానండీ’ అంటుందని భయం.

పదిహేడో వరస, కిటికీ పక్కన సీటు. నా పక్కన ఒక పెద్దావిడ, మనవరాలిని చూడటానికి వెళ్తోంది. తలుపు మూయకముందు నుంచీ ఫోన్లో ఏదో చూసుకుంటోంది.

“గంటా నలభై ఐదు నిమిషాలని ఉంది బాబూ ఇందులో. నిజమేనా?”

తొంగి చూశాను. నా పేజీయే.

“నిజమేనండీ. బాగా తెలిసినవాళ్ళు దిద్దారు.”

గంట సేపు అంతా బాగానే ఉంది. సముద్రం దగ్గరికొచ్చేసరికి కిటికీ బయట తెల్లగా ఉన్నది కాస్తా నల్లబడింది. విమానం ఎగుడు దిగుడు రోడ్డు మీద బస్సులా కుదపసాగింది. పైలట్ గొంతు వినిపించింది. కింద వాన చాలా ఎక్కువగా ఉంది, తగ్గేదాకా పైనే తిరుగుతాము అన్నాడు.

పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. “తిరుగుతూ ఉంటే ఇంధనం అయిపోదూ?”

“అయిపోదండీ. ఇలా తిరగాల్సి వస్తుందని కింద ఒకరు పొద్దున్నే లెక్క వేసి పెట్టుంటారు. వాన తగ్గకపోతే వేరే ఊరెళ్ళి దిగడానికి వేరే లెక్క ఉంటుంది. దాని మీద ఇంకా కాస్త ఉంటుంది.”

“ఆ లెక్క వేసేవాళ్ళు నీకు తెలుసా నాయనా?”

“తెలుసండీ.”

“నమ్మొచ్చా?”

ఆ చీకటి మబ్బులోంచి రెక్క చివర దీపం కనబడుతూ పోతూ ఉంది. నేను సహజంగా పిరికివాణ్ణి. లిఫ్టు మధ్యలో ఆగితే దండకం చదువుతాను. కానీ ఆ నలభై రెండు నిమిషాలు నాకు ఒక్కసారి కూడా భయం వేయలేదు.

“మా అమ్మ తర్వాత నేను అంతగా నమ్మేది ఆవిణ్ణే,” అన్నాను.

పెద్దావిడ నా ముఖంలోకి తేరిపార చూసింది. “ఓహో,” అంది. చెయ్యి వదిలేసి, తర్వాత హాయిగా కళ్ళు మూసుకుంది.

దిగాం. అందరూ పైలట్‌కి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సామాన్ల దగ్గర చెప్పుకుంటుంటే తెలిసింది, మాకు ముందొచ్చిన వేరే కంపెనీల విమానాలు రెండు, అంతసేపు తిరిగేంత ఇంధనం లేక వేరే ఊరికి వెళ్ళిపోయాయట. మా విమానంలోని నూటనలభై ఎనిమిది మందిలో మిగతా అందరూ పెట్టెలు తీసుకుని ఎవరింటికి వాళ్ళు బయలుదేరారు.

నేను మాత్రం స్టాఫ్ గేటు వైపు నడిచాను.

* * *

మూడింటికి ఆమె బయటికొచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది, కళ్ళు బాగా అలిసి ఉన్నాయి. వాన తగ్గి సన్నని తుంపర పడుతోంది. మెట్ల దగ్గర నన్ను చూసి ఆగిపోయింది.

“మీరా! ఎప్పుడొచ్చారు?”

“మధ్యాహ్నం. పదకొండింటి ఫ్లైట్‌లో.”

ఆమె ముఖంలో నవ్వు రాబోయి సగంలో ఆగింది. “ఏ పదకొండింటిది? పైన తిరిగిందే, అదా?”

“అదే. పదిహేడో వరస.”

ఆమె ఆ తడి మెట్టు మీదే కూర్చుండిపోయింది. చేతిలో తాళాల గుత్తి చిన్నగా చప్పుడవుతోంది. ఏమిటా అని చూస్తే, ఆమె చెయ్యి వణుకుతోంది. కెప్టెన్లని నెమ్మదిగా ఒప్పించే మనిషి చెయ్యి అది.

“నువ్వెందుకెక్కావు ఆ ఫ్లైట్?” అంది. “చెప్పకుండా ఎందుకెక్కావు?”

“చెప్తే ఏం చేసేవారు?”

“నూటనలభై ఎనిమిది మంది అని మాత్రమే నాకు కాగితం మీద కనబడుతుంది. ఎవరెవరో తెలీదు. తెలీదు కాబట్టే బుర్ర తిన్నగా పనిచేస్తుంది. నువ్వున్నావని తెలిసుంటే నా వల్ల అయ్యేది కాదు. పక్కవాళ్ళకిచ్చేసి ఏ మూలో కూర్చునేదాన్ని.” కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఐదేళ్ళలో నాకెప్పుడూ ఇలా కాలేదు.”

నేనూ ఆమె పక్కన తడి మెట్టు మీద కూర్చున్నాను. ఇక సాకులేవీ మిగల్లేదు.

“ఆ రోజు క్యాంటీన్లో నేను దూరం చెప్పి ఉండకూడదు. వేరే మాట చెప్పాల్సింది. మీరు కెప్టెన్‌తో మాట్లాడి ఫోన్ పెట్టాక, ఆ గదిలో స్టూలు మీద కూర్చున్నప్పుడే చెప్పాల్సింది. మీరంటే నాకు ప్రాణం. మీరు వెక్కిరించకపోతే నాకు పొద్దు గడవడం లేదు.”

ఆమె తుంపర వైపు చూస్తూ, “సోమవారం సంతకం పెట్టొద్దని చెప్పడానికి వచ్చావా?” అంది.

“పెట్టమని చెప్పడానికి. ఇవాళ పైన ఉండి చూశాను కదా. ఈ తీరం మీద ఆ గదిలో మీరే ఉండాలి. నేనే ఇక్కడికి వచ్చేస్తాను. మా మేనేజర్‌ని అడిగాను.”

“ఏమన్నాడు?”

“కుదరదన్నాడు.”

ఆమె పకాలున నవ్వింది. మూడు నెలల తర్వాత విన్న నవ్వు. “మరి?”

“సోమవారం మళ్ళీ అడుగుతాను. కాదంటే ఈ ఊళ్ళో ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాను. తప్పులు రాసేవాళ్ళకి ఎక్కడైనా గిరాకీ ఉంటుంది.”

“దిద్దేవాళ్ళు దొరకద్దూ?” అని ఆమె తన చెయ్యి నా చేతిలో పెట్టింది. ఇంకా కొద్దిగా వణుకుతూనే ఉంది. వణుకు ఆగేదాకా ఇద్దరం లేవలేదు.

మర్నాడు నా తిరుగు ప్రయాణం సాయంత్రం నాలుగింటికి. గేటు దాకా వచ్చి అంది, “ఈ ఫ్లైట్ కూడా నా డ్యూటీలోనే. ప్లాన్ పక్కబల్ల అతన్ని వేయమందామని పొద్దున్న అనుకున్నాను.”

“వేయమనండి, ఫర్వాలేదు.”

“లేదు, నేనే వేశాను. ఇంకొకళ్ళకివ్వడానికి మనసొప్పలేదు.” కళ్ళు తిప్పుకుని, “ఒక్కో అంకె మూడేసిసార్లు చూసుకున్నాను. చివరికి కెప్టెన్ కూడా, ఏమ్మా ఇవాళ ఒంట్లో బాలేదా అన్నాడు,” అంది.

ఆకాశం కడిగినట్టుంది. మబ్బు తునక లేదు. విమానం ఎక్కడా ఆగలేదు, తిరగలేదు. చెప్పిన టైముకి దిగింది. తలుపు తెరిచీ తెరవకముందే, నేను ఫోన్ ఆన్ చేశానో లేదో, మోగింది. వాళ్ళ నాన్నగారు.

“దిగావా?”

“ఇప్పుడేనండీ.”

“మా అమ్మాయి అరగంటలో మూడుసార్లు ఫోన్ చేసింది, దిగాడా నాన్నా, దిగాడా నాన్నా అని. దాని బల్ల మీద తెరలో నీ విమానం ఎక్కడుందో కనబడుతూనే ఉంటుంది కదా? ఇంట్లో కూర్చున్న నన్ను అడగడమేమిటి? నాకేమీ అర్థం కాలేదు. నీకేమైనా అర్థమైందా?”

చుట్టూ జనం పెట్టెలు దించుకుంటున్నారు. ఎవరో జరగమంటున్నారు.

“అర్థమైందండీ,” అన్నాను పక్కకి జరిగి.

“అయితే రేపు మీ అక్కయ్యని తీసుకుని ఇంటికి రా,” అన్నారాయన. “ఇల్లు ఖాళీ చేసేలోపు మాట్లాడుకుందాం.”